అగ్గిపుల్లతో వెలిగించిన కరెంటు దీపం

పోయిన వానాకాలం మా నాయిన బండి మీటర్‌లో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. ఎన్నిసార్లు ఆపి స్టార్ట్ చేసినా ఆరలేదు. బీఎస్‌6 బండి. యాచారం నుంచి సాగర్ రోడ్డు మీద నన్ను కాలేజీ దగ్గర దింపడానికి వస్తుంటే రెండుసార్లు గుంజి గుంజి ఆగింది. పెట్రోలు మాత్రం ఎప్పటికంటే ఎక్కువ తాగింది. ఊళ్లో మెకానిక్ అన్న ఒక చిన్న డబ్బా వైరు తగిలించి చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. కొత్తదాని ధర విని నాయిన కాసేపు మాట్లాడలేదు. చూస్తే బొటనవేలంత వస్తువు. విప్పిన పాతదాన్ని చెత్తలో వేయబోతుంటే నేనడిగి తీసుకున్నా. ఇంటికొచ్చి హాక్సా బ్లేడుతో పైన ఉన్న ఇనుప తొడుగు కోశాను. లోపల మసి పట్టిన తెల్లటి పింగాణీ గొట్టం ఒకటి ఉంది. ఒక వైపు మూసి ఉంది, దర్జీలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే టోపీలాగా.

ఆ తెల్ల పదార్థాన్ని చూడగానే గుర్తుపట్టాను. అప్పటికి నాలుగు నెలలుగా మా ఫైనలియర్ ప్రాజెక్టులో దాంతోనే కుస్తీ పడుతున్నాం. జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడు. అందులో కొంచెం ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడు కలిపి, రూపాయి బిళ్లంత బిళ్లలుగా నొక్కి, ఫర్నేస్‌లో కాల్చి, వేడి మీద వాటిలోంచి ఆక్సిజన్ అయాన్లు ఎంత సులువుగా పోతాయో కొలవాలి. సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌లో గాలికీ ఇంధనానికీ మధ్యన ఉండే ఎలక్ట్రోలైట్ పొర ఇదే. మా బిళ్లలు చూడటానికి బానే ఉన్నాయి. కొలిస్తే వచ్చిన అంకె మాత్రం పుస్తకాల్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. మేం ముగ్గురం ఫర్నేస్‌ని తిట్టాం, ప్రెస్‌ని తిట్టాం, ఒకరినొకరం కూడా తిట్టుకున్నాం. రెండో రివ్యూకి ఇంకా మూడు వారాలే ఉంది.

ఆ వారంలోనే, ఈ సెన్సర్ ఎలా పనిచేస్తుందో వెతుకుతుంటే ఒకే పేరు రెండుచోట్ల తగిలింది. సెన్సర్ ఇచ్చే వోల్టేజీ లెక్క నెర్న్‌స్ట్ సమీకరణం. ఫస్టియర్ కెమిస్ట్రీలో మనమందరం బట్టీ పట్టి, పరీక్ష రాసి, మర్చిపోయిన సమీకరణమే. ఇక సెన్సర్‌లోని తెల్ల పదార్థానికి పాత పుస్తకాల్లో ఉన్న పేరు నెర్న్‌స్ట్ ముద్ద. ఇద్దరు వేర్వేరు నెర్న్‌స్ట్‌లు అనుకున్నా మొదట. కాదు, ఒక్కరే. అట్లా ఆయన జీవితం చదవడం మొదలుపెట్టా. మా ప్రాజెక్టులో తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఆ చదువులోనే దొరికింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

వాల్తర్ నెర్న్‌స్ట్ 1864 జూన్ 25న బ్రీజెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది పశ్చిమ ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి జడ్జి. మన క్లబ్ వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది: బడిలో చదివేటప్పుడు ఈయన కవి కావాలనుకున్నారు. నాటకాలంటే పిచ్చి. కవి కాలేదు కానీ ఆ నాటకాల పిచ్చి మాత్రం పెద్దయ్యాక కూడా వదల్లేదు.

ఆ కాలంలో జర్మన్ విద్యార్థులు ఒకే యూనివర్సిటీలో కూర్చునేవాళ్లు కాదు. ఏ ప్రొఫెసర్ బాగా చెబుతాడంటే అక్కడికి పోయేవాళ్లు. నెర్న్‌స్ట్ కూడా జ్యూరిక్, బెర్లిన్, గ్రాజ్, వుర్జ్‌బర్గ్ తిరిగారు. గ్రాజ్‌లో అప్పుడు బోల్ట్జ్‌మన్ ఉన్నారు. అక్కడే ఎటింగ్స్‌హౌజెన్‌తో కలిసి, అయస్కాంత క్షేత్రంలో పెట్టిన లోహంలోంచి వేడి పారితే అడ్డంగా వోల్టేజీ పుడుతుందని 1886లో చూపించారు. అప్పటికి ఆయన వయసు 22. మన దగ్గర ఆ వయసులో సప్లీలు క్లియర్ చేస్తుంటాం, అది వేరే సంగతి. 1887లో వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రౌష్ దగ్గర డాక్టరేట్ అయింది. ఉప్పు నీళ్లలో కరిగితే అయాన్లుగా విడిపోతుందని చెప్పి, సొంత దేశం స్వీడన్‌లోనే సరైన గుర్తింపు దొరకని అర్హీనియస్ అనే కుర్రాడు అక్కడే పరిచయమయ్యాడు. అర్హీనియస్ స్నేహం ద్వారా నెర్న్‌స్ట్ లైప్‌జిగ్ చేరి, ఓస్ట్‌వాల్డ్ దగ్గర అసిస్టెంటు అయ్యారు.

సమీకరణం పుట్టింది లైప్‌జిగ్‌లోనే, 1889లో. లాగరిథమ్‌తో సహా రాసి భయపెట్టను కానీ దాని అర్థం ఇది. ఒక గోడకు ఒక పక్క ఏదో పదార్థం చిక్కగా, ఇంకో పక్క పలచగా ఉందనుకోండి. చిక్కగా ఉన్న చోటు నుంచి పలచగా ఉన్న చోటుకి పోవాలని దానికి సహజంగానే ఉంటుంది. ఆ గోడ అయాన్లను మాత్రమే పోనిచ్చి ఎలక్ట్రాన్లను ఆపేదైతే, ఆ పోవాలనే తొందర రెండు పక్కల మధ్య వోల్టేజీగా కనిపిస్తుంది. చిక్కదనాల నిష్పత్తి తెలిస్తే వోల్టేజీ చెప్పొచ్చు, వోల్టేజీ తెలిస్తే నిష్పత్తి చెప్పొచ్చు. బ్యాటరీలోనూ మన నరాల్లోనూ ఇదే లెక్క. అది రాసేనాటికి ఆయనకు పాతికేళ్లు.

తర్వాత గోటింగెన్. 1892లో ఎమ్మా లోమయర్‌తో పెళ్లి, 1893లో భౌతిక రసాయన శాస్త్రం మీద ఒక పెద్ద పాఠ్యపుస్తకం, 1894లో ప్రొఫెసర్ పదవి, ఆ వెంటనే సొంత ఇన్‌స్టిట్యూట్. ఐదుగురు పిల్లలు, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఇవన్నీ ఏ ఎన్‌సైక్లోపీడియాలో అయినా ఉంటాయి కాబట్టి ఇక్కడ ఆగను. నేను ఆగాలనుకున్నది 1897 దగ్గర.

అప్పటి కరెంటు బల్బు అంటే ఎడిసన్ తరహా కార్బన్ తీగ బల్బు. ఎర్రగా, మందంగా వెలిగేది, కరెంటు బాగా తినేది. కార్బన్ గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి గాజు బుడ్డిలోంచి గాలంతా తీసేయాలి. నెర్న్‌స్ట్ వేరే దారిలో ఆలోచించారు. ఇప్పటికే ఆక్సైడు అయిపోయిన పదార్థానికి ఇంక కాలిపోయే భయం ఏముంది? ఆక్సైడుని వెలిగిస్తే గాలి తీయాల్సిన పనే ఉండదు కదా. చిక్కల్లా ఒక్కటే. ఆక్సైడు అంటే పింగాణీ. పింగాణీ కరెంటు పోనివ్వదనే కదా స్తంభాల మీద పింగాణీ కప్పులు పెట్టేది.

కానీ వేడి చేస్తే సంగతి మారుతుంది. శుద్ధమైన ఆక్సైడులు బాగా వేడెక్కినా అంతంతమాత్రంగానే కరెంటు పోనిస్తాయి. రెండు ఆక్సైడులు కలిపితే మాత్రం విద్యుత్ వాహకత అమాంతం పెరుగుతుందని ఆయన గమనించారు. నీళ్లలో చూసిందే ఇక్కడ మళ్లీ చూశారన్నమాట: శుద్ధమైన నీళ్లలో కరెంటు సరిగా పోదు, చిటికెడు ఉప్పు వేస్తే పోతుంది. ఆయన వాడిన మిశ్రమాల్లో పేరు నిలబడింది నూటికి 85 పాళ్లు జిర్కోనియా, 15 పాళ్లు ఇట్రియా. దాన్నే నెర్న్‌స్ట్ ముద్ద అంటారు. ముద్దను సన్నని పుల్లలా చేసి, కాల్చి, రెండు కొసలకు ప్లాటినం తీగలు కట్టేవారు.

ఇప్పుడు సరదా భాగం. చల్లగా ఉన్నప్పుడు ఆ పుల్ల కరెంటుని పోనివ్వదు. కరెంటు పోకపోతే వేడెక్కదు, వేడెక్కకపోతే కరెంటు పోదు. అందుకని మొదట్లో ఆ దీపాన్ని అగ్గిపుల్లతోనో స్పిరిటు దీపంతోనో వేడి చేసి అంటించాల్సి వచ్చేది! కరెంటు బల్బుకి అగ్గిపుల్ల. తర్వాత పుల్ల పక్కనే ఒక ప్లాటినం హీటరు తీగ పెట్టారు. స్విచ్ వేస్తే ముందు అది వేడెక్కి, కాసేపటికి పుల్ల వెలిగి, అప్పుడు హీటరు దానంతటదే ఆగిపోయేది. ఇంకో తలనొప్పి కూడా ఉంది. వేడెక్కేకొద్దీ పుల్ల నిరోధం తగ్గుతుంది, దాంతో కరెంటు పెరుగుతుంది, అది ఇంకా వేడెక్కుతుంది, చివరికి కరిగి పోతుంది. దాన్ని ఆపడానికి వరసలో ఒక ఇనుప తీగ పెట్టారు. ఇనుము వేడెక్కితే నిరోధం పెరుగుతుంది కాబట్టి ఒకదానికొకటి పగ్గం వేసుకుంటాయి. మనం డయోడ్‌కి సిరీస్ రెసిస్టర్ పెట్టినట్టే.

ఇన్ని తిప్పలున్నా, ఒక్కసారి వెలిగాక ఆ కాంతి పగటి వెలుగులా తెల్లగా ఉండేది. కార్బన్ బల్బుకి అయ్యే కరెంటులో సుమారు సగంతో అంత వెలుగు. బెర్లిన్‌లోని ఏఈజీ కంపెనీ ఈ పేటెంట్‌ను పది లక్షల మార్కులకు కొనేసింది. బల్బుకి ఇంత అని వాటా అడగకుండా నెర్న్‌స్ట్ మొత్తం ఒకేసారి పుచ్చుకున్నారు. ప్రొఫెసర్లలో అంత వ్యాపార తెలివి ఉన్నవాళ్లు తక్కువ. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఏఈజీ మండపం నెర్న్‌స్ట్ దీపాలతో వెలిగింది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ పిట్స్‌బర్గ్‌లో వీటికోసమే కంపెనీ పెట్టాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఆ డబ్బుతో నెర్న్‌స్ట్ కార్లు కొన్నారు. గోటింగెన్‌లో మోటారు కారు నడిపిన మొదటివాళ్లలో ఆయనొకరు.

పదేళ్లు తిరక్కుండానే టంగ్‌స్టన్ తీగ బల్బు వచ్చింది. స్విచ్ వేయగానే వెలుగుతుంది, హీటరు అక్కర్లేదు. నెర్న్‌స్ట్ దీపం కథ అంతటితో అయిపోయింది. పేటెంటు కొన్న కంపెనీలు చేతులు కాల్చుకున్నాయి, అమ్మినాయన కాల్చుకోలేదు. ఆ పుల్ల మాత్రం కెమిస్ట్రీ ల్యాబుల్లో ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్లలో నెర్న్‌స్ట్ గ్లోవర్ అనే పేరుతో బతికింది. స్పెక్ట్రోస్కోపీ పాఠంలో ఆ పేరు మీరు చదివే ఉంటారు, ఒక మార్కు ప్రశ్న.

దీపం పోయినా దాని వెనకున్న ప్రశ్న పోలేదు. ఆ పుల్లలో కరెంటుని మోసేది ఎవరు? తీగలో లాగా ఎలక్ట్రాన్లు కాదని, ద్రావణంలో లాగా అయాన్లే మోస్తున్నాయని 1899లో నెర్న్‌స్ట్ వాదించారు. మరి అయాన్లు కదిలితే ఒక కొసన ఆక్సిజన్ బయటికొచ్చి పుల్ల క్రమంగా అరిగిపోవాలి కదా? అరగదు, ఎందుకంటే అది గాలిలో ఉంది. ఒక కొసన పోయిన ఆక్సిజన్ ఇంకో కొసన గాలి నుంచి తిరిగి లోపలికి వస్తుంది. గాలిని పీల్చే ఎలక్ట్రోలైట్ అన్నమాట. రాయిలాంటి పదార్థంలోంచి అయాన్లు నడుస్తాయని ఆ కాలంలో చెప్పడం చిన్న సంగతి కాదు.

ఇక మా ప్రాజెక్టు. 85 పాళ్లు, 15 పాళ్లు అని చదివిన రాత్రి నాకు ఒక చిన్న అసూయలాంటిది కలిగింది. మేము పుస్తకంలో చూసి 8 శాతం ఇట్రియా వేశాం, ఈయనేమో 15 వేశారు, అయినా ఆయన పుల్ల వెలిగింది. ఎక్కువ వేశారు, పాపం తెలియక, అనుకున్నా. సరే లెక్క వేద్దామని కాలిక్యులేటర్ తీశా. ఇట్రియా అణుభారం సుమారు 226, జిర్కోనియాది 123. 15 గ్రాములు, 85 గ్రాములు కలిపితే మోల్స్ లెక్కన ఇట్రియా 8.8 శాతం. ఇప్పటి పుస్తకాలు చెప్పే 8 మోల్ శాతానికి దాదాపు పక్కనే! మరి మేం ఏం చేశాం? పుస్తకంలో 8 మోల్ శాతం అని ఉంటే, 92 గ్రాముల జిర్కోనియాలో 8 గ్రాముల ఇట్రియా తూచి వేశాం. అంటే మోల్స్‌లో నాలుగున్నర శాతమే. వంద గ్రాములకు 13.7 గ్రాములు వేయాల్సింది. తూచింది నేనే. నోట్‌బుక్‌లో నా చేతిరాతే ఉంది. నాలుగు నెలలు ఫర్నేస్‌ని తిట్టిన నోరు ఆ రాత్రి లేవలేదు. పొద్దున బస్సులో మిగతా ఇద్దరికీ చెబితే ఒకడు నవ్వాడు, ఒకడు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

జిర్కోనియం అణువుల అమరిక గురించి ఏమీ తెలియని రోజుల్లో, ఎక్స్‌రేతో స్ఫటికాలు చూడటం ఇంకా పదేళ్లకు పైగా దూరంలో ఉండగా, ఆ పాళ్లు ప్రయోగాలతోనే పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1905లో నెర్న్‌స్ట్ బెర్లిన్ యూనివర్సిటీకి మారారు. ఆ ఏడాదే ఆయన పేరు నిలబెట్టిన ఉష్ణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు, మనం థర్మోడైనమిక్స్ మూడో నియమం అని చదివేది దాన్నే. పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర పడేకొద్దీ ఎంట్రోపీ మార్పులు కూడా శూన్యమవుతాయని దాని సారం. 1920 సంవత్సరపు నోబెల్ దీనికే, చేతికొచ్చింది 1921లో. అంత ఆలస్యం కావడానికి స్వీడన్‌లో అడ్డుపడింది ఒకప్పటి స్నేహితుడు అర్హీనియసేనని చరిత్రకారులు రాశారు. ఇద్దరికీ మధ్యలో చెడింది. నెర్న్‌స్ట్ నోరు కూడా తక్కువదేం కాదు. 1907లో ఒక సభలో అమ్మోనియా లెక్కలు తప్పని హాబర్‌ను అందరిముందూ ఎండగట్టారు. ఆ అవమానంతోనే హాబర్ మళ్లీ పట్టుబట్టి ప్రయోగాలు చేశాడు, అందులోంచి వచ్చిందే ఇవాళ మన పొలాల్లో చల్లే యూరియాకి మూలమైన అమ్మోనియా పద్ధతి.

మనుషుల్ని కూడగట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. సోల్వే అనే సోడా పరిశ్రమాధిపతిని ఒప్పించి, 1911లో బ్రస్సెల్స్‌లో ఐన్‌స్టీన్, ప్లాంక్, మేరీ క్యూరీ, రూథర్‌ఫర్డ్ లాంటివాళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది నెర్న్‌స్టే. 1913లో ప్లాంక్‌తో కలిసి జ్యూరిక్ వెళ్లి ఐన్‌స్టీన్‌ను బెర్లిన్ రమ్మని ఒప్పించిందీ ఆయనే. గోటింగెన్‌లో ఆయన దగ్గర 1906లో డాక్టరేట్ చేసిన అమెరికన్ కుర్రాడు లాంగ్‌మ్యూర్ తర్వాత టంగ్‌స్టన్ బల్బులో వాయువు నింపి దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. గురువు దీపాన్ని ఆర్పిన బల్బుకి శిష్యుడు నూనె పోశాడన్నమాట. మనవాడొకడు కూడా ఆయన ల్యాబులో పనిచేశాడు: మేఘనాద్ సాహా, 1921లో, బెర్లిన్‌లో.

ఇప్పటిదాకా రాసిందాన్ని బట్టి నాకు నెర్న్‌స్ట్ బాగా నచ్చారని మీకు అర్థమై ఉంటుంది. అందుకే తర్వాతి భాగం రాయడానికి చేయి ఆడలేదు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. యాభై ఏళ్ల ప్రొఫెసర్ సొంత కారుతో స్వచ్ఛంద డ్రైవరుగా సైన్యంలో చేరి, పారిస్ వైపు దూసుకెళ్లిన జర్మన్ దళాలతో పాటు ఫ్రాన్స్ దాకా వెళ్లారు. అది దేశభక్తి అనుకుందాం. జర్మన్ సైన్యం బెల్జియంలో ఏ తప్పూ చేయలేదని 93 మంది మేధావులు సంతకాలు చేసిన ప్రకటనలో ఆయన సంతకం కూడా ఉంది. ఆ శరత్కాలంలోనే కళ్లు, ముక్కు మండించే రసాయనాన్ని ఫిరంగి గుండ్లలో నింపే పని చేపట్టారు. అక్టోబరులో నూవ్ షాపెల్ దగ్గర వాటిని పేల్చారు. శత్రువుకి పెద్దగా తెలియను కూడా లేదు. తర్వాత ఆ పని హాబర్ చేతికి వెళ్లింది, 1915 ఏప్రిల్‌లో ఈప్ర దగ్గర క్లోరిన్ మేఘం వదిలారు. నెర్న్‌స్ట్ గుండ్లు పనిచేయలేదు కాబట్టి ఆయన మంచివాడు, హాబర్‌ది పనిచేసింది కాబట్టి చెడ్డవాడు అనడం నా వల్ల కాదు. దారి తెరిచినవాళ్లలో ఈయన కూడా ఉన్నారు.

ఆ యుద్ధంలో ఆయన ఇద్దరు కొడుకులూ చనిపోయారు. ఇద్దరూ. జీవిత చరిత్రల్లో ఇది ఒక వాక్యంలో వచ్చి పోతుంది. నేను దాన్ని రెండుసార్లు చదివాను, ఎందుకంటే తర్వాతి పేరాలోనే మళ్లీ ల్యాబు, మళ్లీ పదవులు మొదలవుతాయి.

1922 నుంచి రెండేళ్లు జర్మనీ జాతీయ కొలతల సంస్థకు అధ్యక్షుడు, ఆ తర్వాత బెర్లిన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1930 ప్రాంతంలో బెక్‌స్టైన్, సీమెన్స్ కంపెనీలతో కలిసి ఎలక్ట్రిక్ పియానో తయారుచేశారు. చెక్క పలక బదులు, ఎలక్ట్రిక్ గిటార్‌లో లాగా తీగల కంపనాన్ని పికప్‌లతో పట్టి లౌడ్‌స్పీకర్‌లో వినిపించే పియానో. సంగీతం తెలిసినవాళ్లు మూతి విరిచారు, అమ్ముడుపోలేదు.

1933లో హిట్లర్ వచ్చాడు, అదే ఏడాది నెర్న్‌స్ట్ రిటైరయ్యారు. నాజీలంటే ఆయనకు పడేది కాదు. ముగ్గురు కూతుళ్లలో ఇద్దరి భర్తలు యూదులు. ఆ రెండు కుటుంబాలూ దేశం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. కొడుకులు ఇద్దరినీ ఏ దేశం కోసం పోగొట్టుకున్నారో ఆ దేశమే కూతుళ్లను వెళ్లగొట్టింది. ఆయన త్సిబెల్లె అనే పల్లెలోని తన ఎస్టేటుకి మారిపోయి చేపలు పెంచారు. కార్ప్ చేపలు, మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద బంగారు తీగ అని అమ్మేవి. దీనిమీద ఒక కథ చెబుతారు. ముందు ఆవులు పెంచారట. చలికాలం పొద్దున కొట్టంలోకి వెళ్తే వెచ్చగా ఉందట, ఆవుల ఒంటి వేడికి. తన దాణా డబ్బుతో ఊరంతా గాలిని వేడి చేయడం దండగని ఆవుల్ని అమ్మేసి, చుట్టూ ఉన్న నీళ్లంత చల్లగానే ఉండే చేపల్ని పెంచారట. నిజమో కాదో కానీ, ఎంట్రోపీ మనిషి మీద అల్లిన కథ కాబట్టి బాగా అతికింది.

1941 నవంబరు 18న అక్కడే చనిపోయారు. మళ్లీ యుద్ధం మధ్యలో. సమాధి గోటింగెన్‌లో ఉంది.

పుల్లలో అయాన్లు ఎలా నడుస్తాయన్న ప్రశ్నకు సరైన జవాబు వచ్చింది 1943లో, ఆయన పోయిన రెండేళ్లకు. ఇచ్చింది కార్ల్ వాగ్నర్. జవాబు మన ఆర్టీసీ బస్సులో ఉంది. యాచారం నుంచి పొద్దున బస్సు ఎక్కండి. సీట్లన్నీ నిండి ఉంటే ఎవరూ ఎక్కడికీ జరగలేరు. మధ్యలో ఒక్క సీటు ఖాళీ అయితే పక్కాయన అందులోకి జరుగుతాడు, ఆయన సీట్లోకి ఇంకొకరు, అలా ఖాళీ సీటే బస్సంతా తిరుగుతున్నట్టు ఉంటుంది. జిర్కోనియాలో ప్రతి జిర్కోనియం అయాన్‌కి నాలుగు ధనావేశాలు, దాని లెక్కకు సరిపడా ఆక్సిజన్‌లు. ఇట్రియం అయాన్‌కి మూడే. రెండు జిర్కోనియంల చోట రెండు ఇట్రియంలు కూర్చుంటే ఒక ఆక్సిజన్ తక్కువైనా లెక్క సరిపోతుంది, కాబట్టి ఒక ఆక్సిజన్ సీటు ఖాళీగా మిగులుతుంది. వేడెక్కినప్పుడు పక్క ఆక్సిజన్ అందులోకి దూకుతుంది. మరి ఇంకా ఇంకా ఇట్రియా వేస్తే ఇంకా ఖాళీలు, ఇంకా వేగం రావాలి కదా? రాదు. ఖాళీలు ఇట్రియం అయాన్‌ల పక్కనే చిక్కుకుపోతాయి, కదలవు. అందుకే 8 మోల్ శాతం దగ్గర శిఖరం వచ్చి తర్వాత దిగిపోతుంది. ఇట్రియా ఇంకో మేలు కూడా చేస్తుంది. ఒట్టి జిర్కోనియా చల్లారేటప్పుడు సుమారు 1,170 డిగ్రీల కింద స్ఫటిక రూపం మార్చుకుని ఉబ్బి పగిలిపోతుంది. సరిపడా ఇట్రియా ఉంటే పైనుండే ఘన రూపమే చల్లారాక కూడా నిలబడుతుంది.

ఫ్యూయల్ సెల్ ఆలోచన మాత్రం ఆయన బతికుండగానే మొదలైంది. 1937లో జ్యూరిక్‌లో ఎమిల్ బావర్, ప్రైస్ అనేవాళ్లు నెర్న్‌స్ట్ ముద్దనే ఎలక్ట్రోలైట్‌గా పెట్టి, సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర సెల్ నడిపారు. కరెంటు చాలా కొద్దిగా వచ్చింది. 1962లో వైస్‌బార్ట్, రుకా అనే ఇద్దరు సున్నం కలిపిన జిర్కోనియాతో చేసిన సెల్ ఆ రంగాన్ని మళ్లీ లేపింది. వాళ్లు పనిచేసిన కంపెనీ ఏదో తెలుసా? వెస్టింగ్‌హౌసే. అరవై ఏళ్ల కింద ఆ పదార్థాన్నే దీపంగా అమ్మబోయి నష్టపోయిన పేరు. ఇప్పుడు ఆ పొరను మైక్రాన్లలోకి పలచన చేస్తున్నారు, ఎందుకంటే పొర ఎంత పలచనైతే అంత తక్కువ వేడిలో పని జరుగుతుంది. గాడోలినియం కలిపిన సీరియా లాంటి పోటీదారులూ ఉన్నాయి. అయినా ఇట్రియా కలిపిన జిర్కోనియాను పూర్తిగా పక్కకు నెట్టలేకపోయాయి.

కార్లలోకి ఇది 1976లో వచ్చింది, బాష్ తయారుచేసిన సెన్సర్ వోల్వో కారులో. మన బళ్లలోకి ఎక్కువగా వచ్చింది 2020 ఏప్రిల్‌లో బీఎస్‌6 నిబంధనలు మొదలయ్యాకే. తెల్ల టోపీకి లోపల మామూలు గాలి, 21 శాతం ఆక్సిజన్. బయట సైలెన్సర్ పొగ. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టుల దాకా వస్తుంది, గాలి ఎక్కువైతే 0.1కి పడిపోతుంది. దాన్ని చూసే బండి కంప్యూటరు పెట్రోలు తగ్గించడమో పెంచడమో చేస్తుంది. 1889 నాటి సమీకరణం, 1899 నాటి ముద్ద, రెండూ ఒకే బొటనవేలంత గొట్టంలో. మా నాయిన బండిలో అది చచ్చిపోతే కంప్యూటరు గుడ్డిదై పెట్రోలు పోస్తూ పోయిందన్నమాట.

ఈ పొడి మనకు మరీ పరాయిదేం కాదు. భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో జిర్కన్ ఉంది. మౌలాలి దగ్గర ఎన్‌ఎఫ్‌సీలో జిర్కన్ ఇసుక నుంచి జిర్కోనియం ఆక్సైడు తీసి, దాని నుంచి అణు రియాక్టర్ల ఇంధన గొట్టాలకు కావాల్సిన లోహం చేస్తారు. మనం సిటీకి పోయినప్పుడల్లా బస్సులోంచి బోర్డు చూసి పోతుంటాం.

రివ్యూకి ముందు గైడ్ సార్ దగ్గరికి వెళ్లి తూకంలో తప్పు నాదేనని చెప్పాం. ఆయన తిట్టలేదు, తప్పుడు బిళ్లల రీడింగులు కూడా రిపోర్టులో పెట్టమన్నారు. అవి నాలుగున్నర శాతం బిళ్లలుగా పనికొస్తాయి కదా అని. ఈసారి 13.7 గ్రాములు ముగ్గురం మూడుసార్లు తూచాం. కొత్త బిళ్లల అంకె పాతదానికి రెట్టింపు దాటింది. పుస్తకం అంకెకి ఇంకా అందలేదు. మా ఫర్నేస్ 1,400 డిగ్రీలు దాటదు, బిళ్ల పూర్తిగా గట్టిపడటం లేదు. ఈసారి ఫర్నేస్‌ని తిట్టే హక్కు మాకుందనుకుంటా.

కొత్త సెన్సర్ వేశాక బండి లైటు మళ్లీ వెలగలేదు. పాతది కోసి రెండు ముక్కలుగా నా దగ్గరే ఉంది. వచ్చే శనివారం క్లబ్ రూమ్‌కి తెస్తాను, చూడాలనుకున్నవాళ్లు రండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, మసి వదలదు.